ట్రాన్స్‌కో ఏఈ సెలెక్ట్ అయ్యాను: పవర్ సిస్టమ్స్ ఎలా చదివానో చెబుతున్నా

ఫ్రెండ్స్, ట్రాన్స్‌కో (రాష్ట్రంలో హై వోల్టేజ్ లైన్లు, సబ్‌స్టేషన్లు నడిపే సంస్థ) అసిస్టెంట్ ఇంజినీర్ సెలెక్షన్ లిస్టులో నా నంబర్ ఉంది. ఇంట్లో అందరూ స్వీట్లు, ఫోన్ల హడావుడిలో ఉన్నారు. నేను మాత్రం ఇది రాయాలని కూర్చున్నాను. ఇంకో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ గదుల్లో చదువుకుంటున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. నిన్నటిదాకా నేనూ వాళ్లలో ఒకణ్ణే.

సిలబస్, మార్కుల పంపకం, నెగెటివ్ ఉందా లేదా అనే సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు, వాటి జోలికి వెళ్లను. పవర్ సిస్టమ్స్ నాకు ఎలా లొంగిందో చెబుతాను. ఈ ఉద్యోగం వచ్చింది దాని వల్లే.

గత నోటిఫికేషన్‌లో కొద్ది మార్కుల తేడాతో పోయింది. అప్పుడు కూడా ఫార్ములాలన్నీ నోటికి వచ్చు. మెషీన్స్‌లో, నెట్‌వర్క్స్‌లో మార్కులు బాగానే వచ్చాయి. పవర్ సిస్టమ్స్‌లో మాత్రం ప్రశ్నను కాస్త తిప్పి అడిగితే చెయ్యి ఆగిపోయేది. ఫెరాంటీ ఎఫెక్ట్ (లోడ్ తక్కువైనప్పుడు పొడవాటి లైన్ చివర వోల్టేజ్ పెరగడం) ఒక చాప్టర్, డిస్టెన్స్ రిలే (ఇంపెడెన్స్‌ను బట్టి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో పసిగట్టి లైన్‌ను ట్రిప్ చేయించేది) ఇంకో చాప్టర్, స్టెబిలిటీ మరో చాప్టర్. వేటికవే విడిగా ఉండేవి. కోచింగ్‌లో కూడా అలాగే చెప్పారు: షీట్ ఇచ్చారు, బిట్లు చేయించారు, తర్వాతి షీట్‌కు వెళ్లారు.

2012 జులై గ్రిడ్ ఫెయిల్యూర్ మీద వేసిన ఎంక్వైరీ కమిటీ నివేదిక చేతికి వచ్చాక నా చదువు దారి మారింది. జనరల్ నాలెడ్జ్ కోసం తిరగేద్దామని తెరిచాను. మొదటి పేజీల్లోనే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 2012 జులై 30 తెల్లవారుజామున, రెండున్నర దాటాక, 400 కేవీ బినా–గ్వాలియర్ లైన్ డిస్టెన్స్ రిలే జోన్ 3లో (అది కాపలా కాసే దూరపు పరిధిలో) ట్రిప్ అయింది. లైన్ మీద మాత్రం ఫాల్ట్ లేదు.

ఫాల్ట్ లేకుండా డిస్టెన్స్ రిలే ఎందుకు పనిచేసింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని చాలా రోజులు కూర్చున్నాను. నాకు అర్థమైనది ఇదీ, మీరూ పెన్ను తీసుకుని చేయండి. రిలేకి మెగావాట్లు తెలియవు. దానికి కనబడేది వోల్టేజ్, కరెంట్, వాటి నిష్పత్తి. కేవీలో వోల్టేజ్ వర్గాన్ని ఎంవీఏతో (లైన్ మోసే మొత్తం పవర్‌తో) భాగిస్తే రిలేకి కనబడే ఇంపెడెన్స్ ఓమ్‌లలో వస్తుంది. 400 కేవీ దగ్గర 800 ఎంవీఏ పోతుంటే 200 ఓమ్‌లు. అదే లైన్ మీద లోడ్ 1200కి పెరిగి, వోల్టేజ్ 360కి పడిపోతే 108 ఓమ్‌లు. ఎక్కడా తీగ తెగలేదు, చెట్టు తగల్లేదు. అయినా రిలే కంటికి ఇంపెడెన్స్ దాదాపు సగానికి వచ్చేసింది. వోల్టేజ్ వర్గంలో ఉంది కాబట్టి పది శాతం పడితే పంతొమ్మిది శాతం దెబ్బ. జోన్ 3 పక్క లైన్‌ను కూడా కవర్ చేయాలని దూరంగా సెట్ చేస్తారు కదా, లోడ్ పాయింట్ మెల్లగా జరుగుతూ, రిలే పనిచేసే హద్దుగా గీసే ఆ వృత్తంలోకి వచ్చేస్తుంది. దీన్నే లోడ్ ఎన్‌క్రోచ్‌మెంట్ అంటారు.

ఇప్పుడు ఆర్–ఎక్స్ డయాగ్రామ్ (అడ్డంగా రెసిస్టెన్స్ ఆర్, నిలువుగా రియాక్టెన్స్ ఎక్స్) గీయండి. మామూలు లోడ్ ఆర్ అక్షానికి దగ్గరగా, దూరంగా ఉంటుంది. లైన్ మీద ఫాల్ట్ వస్తే పాయింట్ లైన్ కోణం వైపు, మూలబిందువుకు దగ్గరగా ఒక్కసారిగా దూకుతుంది. పవర్ స్వింగ్‌లో (జనరేటర్లు ఒకదానితో ఒకటి ఊగుతూ పవర్ హెచ్చుతగ్గులయ్యేటప్పుడు) దూకకుండా, నడిచినట్టుగా కదులుతుంది. స్వింగ్‌లో రిలే పనిచేయకుండా ఆపే పవర్ స్వింగ్ బ్లాకింగ్‌కి ఆధారం ఈ వేగంలో తేడానే. నేను అంతకుముందు దీని మీద బిట్లు ఎన్నో చేశాను. గీసి చూసిన రోజున గాని అది ఎందుకలా ఉందో తెలియలేదు.

తర్వాత నివేదిక మొత్తం వదల్లేదు. ఆ రోజు ఆ మార్గంలో పక్క సర్క్యూట్ 765 కేవీకి మార్చే పనుల కోసం అవుటేజ్‌లో ఉంది. అంటే మెయింటెనెన్స్‌కు ఇచ్చిన షట్‌డౌన్ గ్రిడ్‌ను బలహీనం చేసింది. ఉత్తర ప్రాంత రాష్ట్రాలు షెడ్యూల్‌కి మించి లాగుతున్నాయి, పశ్చిమంలో మిగులు ఉంది. ఆ ప్రవాహ భారం ప్రధానంగా మిగిలిన ఒక్క లైన్ మీద పడింది. అది పోగానే రెండు ప్రాంతాల వోల్టేజ్ కోణాలు విడిపోయాయి, ఉత్తర ప్రాంతం వేరుపడింది, అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు (ఫ్రీక్వెన్సీ పడితే లోడ్ తెంచేవి), డీఎఫ్ బై డీటీ రిలేలు (అది పడే వేగాన్ని చూసేవి) తగినంత లోడ్‌ను వదిలించలేకపోయాయి. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే కథ. ఈసారి ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ పడిపోయాయి. 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతం చీకట్లోకి వెళ్లింది.

మన దక్షిణ గ్రిడ్ ఎందుకు నిలబడింది? అప్పటికి మనకు మిగతా దేశంతో ఏసీ అనుసంధానం లేదు. తాల్చేర్–కోలార్ హెచ్‌వీడీసీ (హై వోల్టేజ్ డీసీ లైన్), గాజువాక, భద్రావతి బ్యాక్ టు బ్యాక్ స్టేషన్లు (ఒకే చోట ఏసీని డీసీగా, మళ్లీ ఏసీగా మార్చేవి), అంతా డీసీ మీదే. డీసీ లింక్‌కు రెండు వైపులా ఫ్రీక్వెన్సీ ఒకటే ఉండనక్కర్లేదు, అవతలి ఊపు ఇవతలికి రాదు. 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణం కూడా సింక్రనస్‌గా (ఒకే ఫ్రీక్వెన్సీతో) కలిసింది. ఆ కలయికతో ఏం లాభం, ఏం రిస్క్ అనేది ఇంటర్వ్యూ ఉన్న ఏ పరీక్షకైనా తయారుగా పెట్టుకోదగ్గ ప్రశ్న. హెచ్‌వీడీసీ చాప్టర్ నాకు కంఠతా పట్టాల్సిన అవసరమే రాలేదు, ఈ ఒక్క ఉదాహరణే దాన్ని మోసింది.

నివేదిక తర్వాత ప్లానింగ్ వైపు వెళ్లాను. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ట్రాన్స్‌మిషన్ ప్లానింగ్ క్రైటీరియా మాన్యువల్ 2013లో వచ్చింది, 2023లో సవరించారు. మొత్తం చదవక్కర్లేదు. ఎన్ మైనస్ వన్ (ఉన్నవాటిలో ఒకటి పోవడం) అంటే ఏమిటి, అది ఏ సందర్భంలో ఎన్ మైనస్ వన్ మైనస్ వన్ (ఒకటి పోయాక ఇంకొకటి పోవడం) అవుతుంది అనేవి శ్రద్ధగా చదవండి. ఒక లైన్ గానీ, ఒక ట్రాన్స్‌ఫార్మర్ గానీ పోయినా లోడ్ తెంచకుండా, మిగిలినవి ఓవర్‌లోడ్ కాకుండా, వోల్టేజ్ పరిధిలోనే నడవాలి. బినా–గ్వాలియర్ దగ్గర జరిగింది ఈ నియమం పక్కన పెట్టి చదివితే బుర్రకెక్కుతుంది: ఒక సర్క్యూట్ అవుటేజ్‌లో ఉన్నప్పుడు ఇంకొకటి పోతే ఏమిటి?

సర్జ్ ఇంపెడెన్స్ లోడింగ్ ఇక్కడే పనికొస్తుంది. 400 కేవీ ట్విన్ మూస్ లైన్‌కు (ఫేజ్‌కు రెండు మూస్ రకం తీగలు) దాదాపు 515 మెగావాట్లు, 765 కేవీ క్వాడ్ బెర్సిమిస్‌కు (ఫేజ్‌కు నాలుగు బెర్సిమిస్ తీగలు) దాదాపు 2250. ఆ లోడ్ దగ్గర లైన్ తన వార్స్ (రియాక్టివ్ పవర్) తానే సరిపెట్టుకుంటుంది. అంతకు తక్కువైతే కెపాసిటర్‌లా ప్రవర్తించి వోల్టేజ్ పెంచుతుంది, ఎక్కువైతే వార్స్ తాగి వోల్టేజ్ దించుతుంది. వానలు బాగా పడి వ్యవసాయ మోటార్లు ఆగిపోయిన రాత్రి 400 కేవీ బస్‌బార్ల (సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ కలిసే కండక్టర్ల) వోల్టేజ్ ఎందుకు ఎక్కుతుందో, అదనపు వార్స్ తాగే షంట్ రియాక్టర్లు ఎందుకు వేస్తారో, కొన్నిసార్లు తక్కువ లోడ్ ఉన్న లైన్లనే ఎందుకు ఓపెన్ చేస్తారో దీనితో చెప్పేయొచ్చు. ఫెరాంటీ అంటే పుస్తకంలో ఫేజర్ బొమ్మ అనుకునేవాణ్ణి. అది షిఫ్టులో కూర్చున్నవాళ్లకు రోజువారీ పని.

ఆ షిఫ్టు పని కళ్లారా చూశాను కూడా. మా స్నేహితుడి నాన్నగారు 220 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. అక్కడి ఏఈ గారి అనుమతి తీసుకుని, హెల్మెట్ పెట్టించి లోపలికి తీసుకెళ్లారు. ఆ రోజు ఒక 132 కేవీ ఫీడర్ మీద ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ మీద పని చేసుకోవచ్చనే రాతపూర్వక అనుమతి) ఇవ్వాల్సి ఉంది. లైన్ మీద ఒక జంపర్ దగ్గర థర్మోవిజన్ కెమెరాలో హాట్ స్పాట్ కనిపించిందట, అది బిగించాలి. ఆయన మొదట బ్రేకర్ ఓపెన్ చేశారు, తర్వాత ఐసోలేటర్లు (లైన్‌ను కంటికి కనిపించేలా విడదీసే బ్లేడ్లు). కంట్రోల్ రూమ్‌లో ఇండికేషన్ మారింది. నేను అయిపోయిందనుకున్నాను. ఆయన టోపీ పెట్టుకుని ఎండలో యార్డులోకి నడిచారు. ఆర్, వై, బి, మూడు ఫేజుల బ్లేడ్లూ పూర్తిగా విడిపడ్డాయా అని ఒక్కొక్కదాని కింద నిలబడి తలెత్తి చూశారు. బి ఫేజ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారు.

"బాబాయ్, ప్యానెల్‌లో ఓపెన్ అనే చూపిస్తోంది కదా" అన్నాను.

"లైటు చూసి మనుషుల్ని టవర్ ఎక్కించకూడదు నాయనా, బ్లేడు చూడాలి" అన్నారు.

ఆ తర్వాతే ఎర్త్ స్విచ్ వేసి, అవతలి సబ్‌స్టేషన్ నుంచి కూడా ఖాయం చేసుకుని, టైము రాసి, ఎల్‌సీ కాగితం మీద సంతకం పెట్టారు. రెండు చివర్లా ఎర్త్ చేశాక కూడా లైన్ గ్యాంగ్ పని చేసే చోట డిశ్చార్జ్ రాడ్లు ఎందుకు వేసుకుంటారని అడిగాను. అదే టవర్ మీద రెండో సర్క్యూట్ ఛార్జ్‌లో ఉంటే దాని ఇండక్షన్ ఈ తీగలో వోల్టేజ్ పుట్టిస్తుంది, అందుకు. మ్యూచువల్ కప్లింగ్‌ను పుస్తకంలో మ్యాట్రిక్స్‌గా చదివాను. ఒక మనిషి ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుందని ఆ యార్డులో తెలిసింది. బ్రేకర్, ఐసోలేటర్, ఎర్త్ స్విచ్ వరుస ఏమిటి, తిరిగి ఛార్జ్ చేసేటప్పుడు వరుస ఏమిటి అన్న బిట్ నాకు ఇక జన్మలో తప్పదు.

మెయింటెనెన్స్ ప్రశ్నలు చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో కరిగిన గ్యాసులు: ఎసిటిలీన్ అంటే ఆర్కింగ్, ఎథిలీన్ అంటే ఆయిల్ బాగా వేడెక్కింది, హైడ్రోజన్ ఒక్కటే ఎక్కువైతే పార్షియల్ డిశ్చార్జ్, కార్బన్ మోనాక్సైడ్ అంటే పేపర్ ఇన్సులేషన్ వైపు చూడాలి. తీగను టవర్‌కు వేలాడదీసే ఇన్సులేటర్ డిస్కుల సంఖ్యకు నా చిట్కా: ఫేజ్ వోల్టేజ్‌ను సుమారు పది కేవీతో భాగించి చూడండి. 400ను రూట్ త్రీతో భాగిస్తే 231, వాడేవి 23. 220కి 127, వాడేవి 13 లేదా 14. అసలు సంఖ్యను నిర్ణయించేవి ఓవర్‌వోల్టేజ్‌లు, కాలుష్యం. ఇది గుర్తుకు మాత్రమే. కాలుష్యం అంటే సముద్రతీరం తలుచుకోండి: ఎండాకాలమంతా ఉప్పు పేరుకుని, మంచు పడ్డ తెల్లవారుజామున తడవగానే ఫ్లాష్‌ఓవర్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు టవర్లే కూలాయి. టవర్ కూలితే తాత్కాలికంగా నిలబెట్టే ఎమర్జెన్సీ రెస్టొరేషన్ సిస్టమ్ గురించి కూడా ఒక పేజీ చదివిపెట్టుకోండి.

నేను ఇలా చదువుతుంటే రూమ్‌మేట్స్ ఊరుకోలేదు. "బిట్లు చేయకుండా రిపోర్టులు ఏంటి, నువ్వు రాస్తున్నది ఐఏఎస్ కాదు" అన్నారు. వాళ్ల మాట వాళ్లది. కానీ నేను బిట్లు మానలేదు. పాత పేపర్లన్నీ చేశాను, చేసినవే మళ్లీ చేశాను. రిపోర్టుకు ఇచ్చింది సాయంత్రం టీ తర్వాత టైము. అదే టైములో గదిలో కటాఫ్ ఎంతుంటుంది, కేసు పడుతుందా, నోటిఫికేషన్ రద్దవుతుందా అనే చర్చలు నడిచేవి. ఆ చర్చల వల్ల ఒక్కరికి ఒక్క మార్కు వచ్చిందా? కోర్టు తీర్పు మన చేతిలో లేదు. రేపు ఉదయం అయిదింటికి లేవడం మన చేతిలో ఉంది. నేను కఠినంగా మాట్లాడుతున్నానని అనిపించొచ్చు. ఇంట్లోవాళ్లు నెలనెలా డబ్బు పంపుతుంటే మనం ఫోన్ చూస్తూ గడపడం నాకు నిజంగా నచ్చదు, దాన్ని మెత్తగా చెప్పడం నాకు రాదు. రోజూ ఒకే టైముకి ఒకే కుర్చీలో కూర్చోండి. మూడ్ లేకపోయినా కూర్చోండి.

మిగతా సబ్జెక్టుల గురించి క్లుప్తంగా. మెషీన్స్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు, సింక్రనస్ మెషీన్లు ముందు, ఇండక్షన్ మోటార్ తర్వాత. నెట్‌వర్క్స్, కంట్రోల్ సిస్టమ్స్‌కు గేట్ స్థాయి చాలు. మెజర్‌మెంట్స్‌లో సీటీ, పీటీ (కరెంట్, పొటెన్షియల్ ట్రాన్స్‌ఫార్మర్లు) వదలొద్దు, ప్రొటెక్షన్‌తో కలిపి చదవండి. ఆప్టిట్యూడ్, కరెంట్ అఫైర్స్ రోజూ కాస్త కాస్త. ఏపీ ట్రాన్స్‌కో 1999లో ఎలా ఏర్పడింది, రాష్ట్ర విభజనతో 2014లో ఏం మారింది, ఎస్‌ఎల్‌డీసీ (రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్), బెంగళూరులోని ఎస్‌ఆర్‌ఎల్‌డీసీ (దక్షిణ ప్రాంతానిది), ఢిల్లీలోని ఎన్‌ఎల్‌డీసీ (దేశం మొత్తానిది) ఎవరి కింద ఎవరు, గ్రిడ్ కోడ్‌లో ఫ్రీక్వెన్సీ బ్యాండ్ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్, ఇలాంటివి ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది.

ఈసారి పరీక్ష హాల్లో టెన్షన్ లేదని కాదు. కానీ ప్రొటెక్షన్ ప్రశ్న కనబడగానే రఫ్ పేజీలో చిన్న ఆర్–ఎక్స్ బొమ్మ గీశాను, దాని మీద పాయింట్ పెట్టాను, ఆప్షన్లలో రెండు వెంటనే ఎగిరిపోయాయి. అంతకుముందు పేపర్‌లో అలాంటి ప్రశ్న దగ్గరే ఎంతో టైము పోయింది.

ఎంక్వైరీ నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదట ఘటనల వరుస ఉన్న భాగం చదవండి, తర్వాత రిలే ఆపరేషన్లు, చివర్లో సిఫార్సులు. లెక్కలు చేస్తూ ఎక్కడైనా ఆగిపోతే రాయండి. జాయినింగ్ ఆర్డర్ వచ్చేదాకా ఇంట్లోనే ఉంటాను, రోజూ రాత్రి కూర్చుని జవాబులు ఇస్తాను.