బ్యాన్ కంటే గడువే గట్టిది

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డాక్టర్లకి మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో తప్పు జరిగిందని కేసు పడితే ఆదుకునేది) ఇచ్చే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని నాది. డాక్టర్ మీద కేసు ఏ తేదీ లోపు వేస్తే చెల్లుతుంది, అప్పటికి పాలసీ ఉందా లేదా, ఇవే రోజూ మా లెక్కలు. బోరింగే గానీ 2023లో మాత్రం కాదు.

ఆ ఏడాది మా మిస్సోరి రాష్ట్రంలో సేఫ్ యాక్ట్ అని చట్టం వచ్చింది. ఆగస్టు 28 నుంచి 18 లోపు పిల్లలకి జెండర్ మార్పు కోసం హార్మోన్లు, ప్యూబర్టీ బ్లాకర్లు (యుక్తవయసు మార్పుల్ని ఆపే మందులు) కొత్తగా మొదలుపెట్టకూడదు, సర్జరీ అసలే కుదరదు. టీవీల్లో అందరూ దాని మీదే కొట్టుకుంటుంటే మా లాయర్లు మాత్రం వేరే పేరా పట్టుకుని కూర్చున్నారు. అప్పటికే మందులు వాడుతున్న పిల్లలకి కంటిన్యూ చెయ్యొచ్చని చట్టమే చెప్పింది, కానీ తర్వాత వాళ్ళు నష్టం జరిగిందని కేసు వెయ్యడానికి 21 నిండాక కూడా ఇంకో 15 ఏళ్ళు టైం ఇచ్చింది, గెలిస్తే కనీసం 5 లక్షల డాలర్లు. మామూలు మాల్‌ప్రాక్టీస్‌కి ఇక్కడ గడువు 2 ఏళ్ళు, చిన్నపిల్లలకైతే 20 నిండేదాకా. అంటే 14 ఏళ్ళ పిల్లకి ఇవాళ రాసిన మందుకి ఆ పిల్లకి 36 వచ్చేదాకా డాక్టర్ భయపడాలి. టెన్నెసీలో ఇంకా ఘోరం, 18 నిండాక 30 ఏళ్ళు!

చాలా పాలసీలు కేసు పడ్డ రోజుకి అమల్లో ఉంటేనే డబ్బులిస్తాయి. డాక్టర్ రిటైరైతే, ఆ తర్వాత పడే కేసుల కోసం టెయిల్ కవరేజ్ అని విడిగా కొనాలి. అన్నేళ్ళ టెయిల్‌కి రేటు కట్టండి అంటే రిస్క్ లెక్కగట్టే మా యాక్చువరీలు తల పట్టుకున్నారు, ఎందుకంటే పాత కేసుల డేటానే లేదు. చివరికి మావాళ్ళు రేటు కట్టలేదు, ఈ ట్రీట్‌మెంట్‌కి కవరేజ్ లేదని ఎక్స్‌క్లూజన్ పెట్టారు, ఆ కోడ్ కొట్టింది నేనే. ఆ సెప్టెంబర్‌లోనే మా ఊళ్ళోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఈ కేసుల భయాన్నే (లయబిలిటీ) కారణంగా చెప్పి, చట్టం ఒప్పుకున్న పాత పేషెంట్లకి కూడా ఆ మందులు రాయడం ఆపేశారు.

లంచ్ రూంలో దీని మీద మాటలొస్తే నేను ఫోన్ చూస్కుంటా. గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నోడికి మిస్సోరి రాజకీయాలెందుకు. మనవాళ్ళ పాట్‌లక్‌లో మాత్రం నోరు ఆగలేదు. ఒకాయన "మంచిదేగా బాబూ, ఆ పిల్లకి తప్పు జరిగిందని పాతికేళ్ళ వయసులో తెలిస్తే 2 ఏళ్ళ గడువు ఏం న్యాయం?" అన్నాడు. ఆ పాయింట్ నేనూ ఒప్పుకుంటా. పక్కనే ఉన్న పిల్లల డాక్టర్ మేడంగారు "మరి నేను చేసే మిగతా వైద్యం సంగతేంటండీ, వాటి నష్టం కూడా లేటుగానే తెలుస్తుంది కదా, వాటికి 15 ఏళ్ళు ఎందుకివ్వలేదు?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు, కూర వడ్డించుకోడానికి లేచెళ్ళాడు.

నాకూ అక్కడే అనుమానం. లేటుగా తెలిసే నష్టమే అసలు బాధైతే గడువు అన్ని ట్రీట్‌మెంట్లకీ పెంచాలి. ఒక్కదానికే పెంచితే అది పేషెంట్ కోసం అనిపించట్లేదు, ఇన్సూరెన్స్ దొరక్కుండా చేస్తే డాక్టర్లు వాళ్ళంతట వాళ్ళే మానేస్తారన్న లెక్కలా ఉంది. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3తో ఇలాంటి ట్రీట్‌మెంట్ మీద టెన్నెసీ పెట్టిన బ్యాన్‌ని నిలబెట్టినప్పుడు మా ఆఫీసులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, మా సిస్టంలో మార్చాల్సింది ఏమీ లేదు మరి.