మా పిల్లల ఆకాశంలో ధ్రువ నక్షత్రం లేదు

మెల్‌బోర్న్‌లో మన తెలుగు పెళ్ళిళ్ళలో కూడా పంతులుగారు కొత్త జంటకు అరుంధతిని చూపిస్తారు. అందరం భక్తిగా తలెత్తుతాం. కానీ ఆ చుక్క ఇక్కడ ఏడాది పొడుగునా ఉదయించదు. ధ్రువుడూ అంతే, ఎప్పుడూ నేల కిందే.

తెనాలిలో డాబా మీద పడుకోబెట్టి మా నాన్న నాకు దిక్కులు నేర్పింది ఆ చుక్కలతోనే. మా పిల్లలు ఆ పాఠం పట్టుకుని ఇక్కడి అడవిలోకి వెళ్తే పనికిరాదు. గ్రాంపియన్స్ కొండల్లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ ఎప్పుడూ ఉత్తరానే ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అందుకే వాళ్ళకు ముందుగా రావలసింది ఈ నేల మీది దిక్కులే అని నా గట్టి నమ్మకం.

రాత్రిపూట ఇక్కడ దారి చూపేది సదరన్ క్రాస్, ఆస్ట్రేలియా జెండా మీద ఉన్న శిలువ. ఈ ఊళ్ళో అది అస్తమించదు. దాన్ని పోలిన దొంగ శిలువ ఇంకోటి ఉంది కాబట్టి, పక్కనే రెండు పెద్ద చుక్కలు ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. శిలువ తల నుంచి పాదం మీదుగా గీత గీసి, పాదం దగ్గర్నుంచి శిలువ పొడవుకు నాలుగున్నర రెట్లు అదే దారిన సాగదీయాలి. అది ఆగినచోట చెప్పుకోదగ్గ చుక్కేమీ కనిపించదు. అక్కణ్ణుంచి నిటారుగా నేలకు దిగితే అదే దక్షిణం. మా అమ్మాయి చేతివేళ్ళతో కొలిచి చెప్పేస్తుంది.

పగలైతే మా నాన్న నేర్పిన పుల్ల పాఠమే. ఎండలో పుల్ల పాతి, నీడ కొసన రాయి పెట్టి, పావుగంట ఆగి మళ్ళీ కొసన ఇంకో రాయి పెట్టాలి. మొదటి రాయి పడమర, రెండోది తూర్పు. సూర్యుడు పడమటికి జరిగేకొద్దీ నీడ తూర్పుకు జరుగుతుంది, అది తెనాలిలోనైనా గ్రాంపియన్స్‌లోనైనా ఒకటే. తాతయ్య చెప్పింది ఇక్కడ కూడా పనిచేసిందని పిల్లలు వీడియోకాల్‌లో చెప్పినప్పుడు ఆయన మొహం చూడాలి!

ఆ శిలువనే మనవాళ్ళు త్రిశంకుడంటారు. విశ్వామిత్రుడు అతని కోసం దక్షిణాన కొత్త నక్షత్రాలనే సృష్టించాడని రామాయణ కథ. ప్రవాసుల పిల్లలను త్రిశంకు స్వర్గంలో ఉన్నారని ఎవరైనా జాలిపడితే నాకు నచ్చదు. వాళ్ళు దిక్కు తెలుసుకుంటున్నది ఆ త్రిశంకుణ్ణి చూసే.

ఏప్రిల్ సెలవులకు ఊరెళ్ళేవాళ్ళకు ఒక మాట. కోస్తాలో ఆ నెల మధ్యలో రాత్రి పదిన్నర, పదకొండు మధ్య ఉత్తరాన ధ్రువుడు, పైన సప్తర్షులు, అరుంధతి కనిపిస్తారు. వెనక్కి తిరిగితే దక్షిణాన త్రిశంకుడు. చేయి చాపి పిడికిలి పట్టి కొలిస్తే ధ్రువుడూ, శిలువ తలా రెండూ నేలకు పిడికిలిన్నర ఎత్తులోనే ఉంటాయి. రెండు వైపులా కొబ్బరిచెట్లు అడ్డం లేని డాబా చూసుకోండి. మెల్‌బోర్న్ టైముకి అలవాటైన పిల్లలు అప్పటికే నిద్రపోయి ఉంటారు. లేపైనా సరే, పైకి తీసుకెళ్ళండి.