స్లైడు మూసి చూపించండి

టెక్సస్‌లో చిల్డ్రెస్ అనే ఊరు దాటి పదిమైళ్ళు వచ్చాక అమ్మ ముందుకు వంగి, "ఎక్కడన్నా కాస్త ఆపమనమ్మా" అంది మెల్లగా. అమ్మకి షుగరు. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయింది. తను నోరు తెరిచి అడిగిందంటే అప్పటికే చాలాసేపు ఓర్చుకుందన్నమాట. తర్వాతి ఊరు మెంఫిస్ ఇంకో ఇరవై మైళ్ళుంది. ఇంతలో రోడ్డు పక్కన పిక్నిక్ ఏరియా ఒకటి కనిపించింది. రెండు బల్లలు, వాటిమీద నీడ, అంతే. అలాంటి చోట్ల టాయిలెట్లుండవు. అయినా నాకు దిగులు లేదు. బాత్రూము మా వెనకాలే వస్తోంది కదా. మా బండి వెనక తగిలించుకున్న ఆ ఇల్లులాంటి ట్రైలర్ అద్దెకు తీసుకున్నదే అమ్మ కోసం.

ట్రైలర్ తలుపు తీశాను. సోఫా వంటగట్టు దగ్గరికంటా వచ్చేసి ఉంది. మధ్యలో చెయ్యి పట్టేంత సందు. బాత్రూము దానికి అవతల.

స్లైడ్-అవుట్ ఉన్న బండిని మేము అంతవరకూ తెరిచినప్పుడే చూశాం. రోడ్డు మీద బండి ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు దాటకూడదు గనక, ఆపుకున్నాక మీట నొక్కితే పక్కగోడలో ఒక భాగం సోఫాతో, భోజనాల బల్లతో సహా మూడడుగులు బయటికి జరుగుతుంది. ఇరుకు డబ్బా కాస్తా ఇల్లయిపోతుంది. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో బండి అప్పగించినతను దాన్ని తెరిచే ఉంచి, లైట్లన్నీ వేసి చూపించాడు. అమ్మ మురిసిపోయింది. మూస్తే లోపల నడవడానికి దారి ఉంటుందా అని అడగడం మాకు తట్టలేదు, ఆయనా చెప్పలేదు. రోజుకు 150 డాలర్లు, కడిగించడానికి ఇంకో వంద. నాన్న వెంటనే రూపాయల్లోకి మార్చి, "రోజుకు పన్నెండు వేలా అమ్మాయ్!" అని అప్పటినుంచీ అదే మాట.

ఇలాంటి బండి ఒకటి కొనాలా వద్దా తేల్చుకోవడానికే ఈ ప్రయాణం. స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో మా ఆయన, నేను, మా అబ్బాయి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. 26 అడుగుల ట్రైలర్, ఒకటే స్లైడు. 287 నంబరు హైవే పట్టుకుని పాలో డ్యూరో కాన్యన్ అనే లోయకి.

ఆ పిక్నిక్ ఏరియాలో నేల ఒక పక్కకి వాలుగా ఉంది. స్లైడు ఎడమవైపు, అంటే ట్రక్కులు డెబ్బై అయిదు మైళ్ళ వేగంతో పోయే రోడ్డువైపు. ట్రక్కు పోయినప్పుడల్లా ట్రైలర్ ఊగుతోంది. బండిని సమంగా నిలబెట్టకుండా స్లైడు తియ్యకూడదని మా ఆయనకి తెలుసు. కానీ అమ్మ ముఖం చూసి, "ఫర్వాలేదులెండి అత్తయ్యా" అని మీట నొక్కాడు. అది మూలుగుతూ, ఒక మూల ముందు, ఇంకో మూల వెనక అన్నట్టు బయటికి వచ్చింది. అమ్మ లోపలికి వెళ్ళింది. బయటికొచ్చాక "నా వల్ల ఎంత ఇబ్బంది బాబూ" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి గ్యాస్ స్టేషన్ల వెంట తిరగక్కర్లేదని తీసుకున్న బండిలో ఆమె అలా అనాల్సి వచ్చింది.

కాన్యన్‌లోకి దిగే రోడ్డు పది శాతం వాలు. 1930లలో సీసీసీ అని, పనిలేని కుర్రాళ్ళకి ప్రభుత్వం పని ఇచ్చిన పథకంలో వాళ్ళు వేసిన దారి అది. మా ఆయన లో గేర్‌లో పెట్టి, మాట లేకుండా దింపాడు. ఎర్రమట్టి గోడలు, వాటిమీద తెల్లటి చారలు. రెడ్ రివర్ పాయ ఒకటి ఎనిమిది వందల అడుగుల లోతుకి కోసుకుంటూ పోయిన లోయ. అది చూసి నాన్న దారి పొడుగునా మొదటిసారి డబ్బు సంగతి మరిచిపోయాడు. లైట్‌హౌస్ ట్రెయిల్ అనే కాలిబాటకి మర్నాడు మా ఆయనా, అబ్బాయీ పోయొచ్చారు. ఆ సంగతులు వాళ్ళే చెప్పాలి.

క్యాంపులో స్లైడు నాలుగంగుళాలు జరిగి ఆగిపోయింది. అంతకుముందే కరెంటు స్తంభానికి తగిలేలా ఉందని బండిని రెండుసార్లు ముందుకు తీసి మళ్ళీ వెనక్కి పెట్టాం. ఇంకో పక్క మెస్కీట్ చెట్టు కొమ్మ. స్లైడు ఉన్నప్పుడు బండి పట్టినంత మాత్రాన సరిపోదు, పక్కన మరో మూడడుగులు ఖాళీ ఉండాలి. పక్క సైటులో ఓక్లహోమా నుంచి వచ్చిన పెద్దాయన, రిటైరై భార్యతో తిరుగుతున్న మనిషి, మేము పడుతున్న పాట్లు చూసి లేచి వచ్చాడు. ముందు నేలమీద లెవెల్ పెట్టి చూశాడు. తన దగ్గరున్న చెక్కలు తెచ్చి ఒక పక్క చక్రాల కింద వేయించి, బండిని సమం చేయించాడు. మోకాళ్ళ మీద కూర్చుని, అడుగున మడతపడి ఇరుక్కున్న రబ్బరు సీలుని వేళ్ళతో సరిచేశాడు. దారిలో వాలుమీద తీసినప్పుడే అది మడతపడి ఉంటుంది. "మోటారు ఆగిపోతే చేత్తో తిప్పే క్రాంక్ ఇచ్చారా?" అని అడిగాడు. డిక్కీలన్నీ వెతికాం. ఇవ్వలేదు.

ఆయన బండికి రెండు స్లైడులున్నాయి. ఒక్కోటీ వందల పౌండ్ల బరువు పెంచుతుందట. కానీ ఒకచోట దిగితే పది రోజులు కదలరు. వాళ్ళకి అది సరైనదే. అమ్మ పెట్టిన పులిహోర ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ఎండుమిరపకాయ ఏరి పక్కన పెడుతుంటే అమ్మ నవ్వింది. ఆ రోజంతా అమ్మ నవ్వడం అప్పుడే చూశాను.

రెండో రాత్రి గాలి లేచింది. మార్చిలో ప్యాన్‌హ్యాండిల్, అంటే ఈ టెక్సస్ ఉత్తరపు కొస, గాలి సంగతి తెలిసిందే. స్లైడు పైకప్పు మీద ఆకులు పడకుండా ఒక గుడ్డ కట్టి ఉంటుంది. అది ఠపా ఠపా కొట్టుకుంటోంది. ఇలాంటప్పుడు స్లైడు లోపలికి తీసుకోమంటారు. తీసుకుంటే నాన్నకి పడక లేదు, అమ్మకి బాత్రూముకి దారి లేదు. అలాగే వదిలేశాం. ఎవరికీ నిద్ర లేదు.

ఆ చప్పుడులో అమ్మ తన చిన్నప్పటి గూడుబండి గురించి చెప్పింది. శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళేవాళ్ళట. బండిలో వరిగడ్డి మెత్తగా పరిచి పైన దుప్పటి, బండి కింద లాంతరు, వెనక నీళ్ళ బిందె. రాత్రి ఎక్కడన్నా ఆగితే పిల్లలు లోపల, పెద్దవాళ్ళు బండి కింద. దూరం నుంచి ప్రభల వెలుగు కనపడగానే మా తాతయ్య అందర్నీ లేపేవాడట. "చెయ్యి చాపితే మరచెంబు దొరికేది. చీకట్లో కూడా ఏది ఎక్కడుందో తెలిసేది" అంది. మా అబ్బాయి ఎడ్లకి పేర్లుండేవా అని అడిగాడు. రెండు పేర్లూ చెప్పింది. అరవై ఏళ్ళు దాటినా మరిచిపోలేదు.

పొద్దున్నే నిచ్చెన అడిగి తెచ్చుకుని, స్లైడు మీది పుల్లలు, ఇసుక చీపురుతో ఊడ్చాకే మూశాం. అలా ఊడ్వకుండా మూస్తే ఆ చెత్తే సీలుని తినేస్తుందని పెద్దాయన చెప్పి వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో అమ్మ కోసం క్లారెండన్‌లో ఒకసారి, వెర్నన్‌లో ఒకసారి, విచిటా ఫాల్స్‌లో ఒకసారి ఆగాం. అన్నీ గ్యాస్ స్టేషన్లే.

మొన్న శనివారం ఫోర్ట్‌వర్త్ వైపు ట్రైలర్లు అమ్మే చోటికి వెళ్ళాం. "ముందు స్లైడు మూసి చూపించండి" అన్నాను. అలా ఎవరూ అడగరట, ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ వెతికి తేవడానికి పావుగంట పట్టింది. మొదటిదాంట్లో ఫ్రిజ్ తలుపు తెరుచుకోలేదు. రెండోదాంట్లో బాత్రూముకి వెళ్ళాలంటే మంచం ఎక్కి దిగాలి. మూడోది స్లైడు లేని 22 అడుగులది. వానపడి అయిదుగురం లోపలే కూర్చుంటే మోచేతులు తగులుతాయి, నిజమే. కానీ మేము ఎక్కడా రెండు రాత్రులకు మించి ఆగం, దారిలోనే వండుకుని తింటాం. అమ్మ కర్ర పట్టుకుని మెట్టెక్కి, గోడ ఆసరాతో బాత్రూము దాకా నడిచి, తలుపు తీసి లైటు వేసి చూసింది. వెనక్కి వచ్చి మంచం అంచున కూర్చుని, "ఇది చాలమ్మా" అంది. మా ఆయన ధర అడగడానికి ఆఫీసులోకి వెళ్ళాడు.