వాటర్లూ స్ట్రీట్‌లో ఆరోగ్య ప్రశ్న

సింగపూర్ వాటర్లూ స్ట్రీట్‌లో కృష్ణుడి గుడికి వెళ్లే తెలుగువాళ్లందరికీ ఆ పక్కనున్న క్వాన్ ఇమ్ అనే చైనీయుల కరుణాదేవత గుడి తెలుసు. కృష్ణుడి గుడి 1870 నాటిది, క్వాన్ ఇమ్ గుడి 1884 నాటిది. అక్కడ దండం పెట్టుకున్న చైనీయులు చాలామంది ఇక్కడ కూడా ఆగి, కృష్ణుడికి అగరొత్తులు వెలిగించి మరీ వెళ్తారు. మనవాళ్లు అంత చొరవ చేయరు. గుమ్మం దాకా వెళ్లి, లోపల ఆ గలగల ఏమిటని ఆరా తీసి వెనక్కి వస్తారు. ఆరా తీసేది ఎక్కువగా నన్నే. నేను మందుల షాపులో ఫార్మసిస్టును. డాక్టరు రాసిన చీటీతో పాటు గుడిలో ఇచ్చిన చీటీ కూడా కౌంటరు మీద పెట్టే పెద్దవాళ్లు నాకు బాగా అలవాటు.

ఆ గలగల వెదురు గొట్టంలో పుల్లలది. నూరు పుల్లలుంటాయి, ఒక్కోదాని మీద ఒక అంకె. మోకాళ్ల మీద కూర్చుని, పేరు చెప్పుకుని, ప్రశ్న మనసులో అనుకుని, గొట్టాన్ని ముందుకు వంచి ఆడించాలి. పుల్లలు మెల్లగా పైకి జరుగుతూ జరుగుతూ చివరికి ఒకటి నేల మీద పడుతుంది. రెండు మూడు కలిసి పడితే లెక్కలోకి రావు, మళ్లీ మొదలు. అంతటితో అయిపోలేదు. చంద్రవంక ఆకారంలో ఎర్ర రంగు చెక్కలు రెండుంటాయి, ఒక వైపు చదునుగా, ఒక వైపు గుండ్రంగా. వాటిని నేలమీద వేయాలి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే ఆ పుల్ల మీదే, దాని అంకెకు సరిపోయే జోస్యం చీటీ మీ చేతికొస్తుంది. రెండూ బోర్లా పడితే కాదు. రెండూ వెల్లకిలా పడితే అమ్మవారు నవ్వుతోందని అర్థం, అంటే మీ ప్రశ్నే సరిగా లేదు. దేవత ఇలా నవ్వి ఊరుకోవడం నాకు భలే నచ్చింది. తెనాలిలో మా మేనత్త ఎర్ర పువ్వు, తెల్ల పువ్వు విడివిడిగా పొట్లాలు కట్టి ఆంజనేయస్వామి ముందు పెట్టి, చిన్నపిల్ల చేత ఒకటి తీయించేది. అందులో అవునూ కాదే తప్ప నవ్వుకు చోటు లేదు.

మా పై అంతస్తులో ఉండే ఆంటీ మోకాలి ఆపరేషన్ విషయంలో ఈ ప్రశ్న వేయడానికి వెళ్తూ నన్నూ తోడు రమ్మన్నారు. డాక్టరు ఇప్పుడైనా, ఆరునెలలు ఆగైనా చేయించుకోవచ్చన్నారట. ఆమె మొదట "నా మోకాలు బాగవుతుందా?" అని అడిగారు. చెక్కలు రెండూ వెల్లకిలా పడ్డాయి. "చూశావా, నవ్వుతోంది. డెబ్భై ఏళ్ల మోకాలు బాగవుతుందా అని అడిగితే ఎవరు నవ్వరు?" అని తనే నవ్వి, "ఆపరేషన్ ఇప్పుడు చేయించుకోనా, ఆగనా?" అని మార్చి అడిగారు. ఈసారి పుల్ల ఖాయమైంది. చీటీ మీద మబ్బు చాటు సూర్యుడి గురించి ఏదో పద్యం. మబ్బు విడిచేదాకా ఆగమన్నారని ఆంటీ, మబ్బు విడుస్తోంది కాబట్టి ఇప్పుడే చేయించుకోమన్నారని ఆమె కూతురు, రైలు దిగేదాకా వాదించుకున్నారు. మనవరాలి పరీక్షలు అయ్యాక చేయించుకుందామన్నది ఆంటీ మనసులో ముందునుంచీ ఉన్నదే. చీటీ చదివే పని ఎప్పుడూ మన కోరికే చేస్తుందని నా అనుమానం.

పాత పద్ధతిలో అచ్చువేసిన చీటీల్లో నాలుగు పాదాల పద్యం కింద ఇల్లు, వ్యాపారం, పెళ్లి, వ్యాజ్యం, పోయిన వస్తువు, జబ్బు అని వరసగా ఉంటాయి. జబ్బుకు దక్కేది చాలాసార్లు రెండే రెండు చైనీస్ అక్షరాలు. ఆ రెండక్షరాల్లో మధుమేహం ఎక్కడ పడుతుంది, కీళ్లవాతం ఎక్కడ పడుతుంది?

ఒకప్పుడు మాత్రం జబ్బుకు ప్రత్యేకంగా పుల్లలుండేవి. నా వృత్తి వల్ల కాబోలు, నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇదే. హాంకాంగ్ వాంగ్ తాయ్ సిన్ దేవుడి సంప్రదాయంలో మగవారికి, ఆడవారికి, పిల్లలకు, కళ్లకు, గాయాలు పుండ్ల వంటి పై జబ్బులకు అని ఐదు వర్గాలు, ఒక్కోదానికి నూరేసి మందుల చీటీలు. పుల్ల మీది అంకెకు సరిపోయే చీటీలో మూలికల పేర్లు, వాటి తూకం ఉండేవి. దాన్ని తీసుకుని మూలికల కొట్టుకు వెళ్లడమే. ఆ దేవుడి పటాన్ని 1915లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి హాంకాంగ్‌కు తెచ్చినాయన కూడా వాన్ చాయ్‌లో మూలికల కొట్టు పెట్టుకున్నారు. గుడి 1921లో వచ్చింది, 1924లో ఆ గుడి నడిపే సంస్థే ఉచిత వైద్యశాల తెరిచింది. డాక్టరు ఫీజు ఇచ్చుకోలేని కూలివాడికి ఆ చీటీ ఎంత ధైర్యమో ఊహించగలను. అయినా నాడి చూడకుండా, నాలుక చూడకుండా అంకెను బట్టి మందివ్వడం ఫార్మసిస్టుగా నాకు మింగుడుపడదు. చాలా చీటీల్లో సాధు మూలికలే ఉండేవి కాబట్టి సరిపోయింది.

పుల్ల నిజమైందని అందరూ చెప్పే కథ కూడా హాంకాంగ్‌దే. షా టిన్‌లో చే కుంగ్ అనే సేనాని గుడి ఉంది. మహమ్మారిని తరిమాడని ఆయనకు పేరు. చైనా కొత్త సంవత్సరం రెండో రోజున అక్కడ నగరం తరఫున పుల్ల తీస్తారు. 2003లో ప్రభుత్వ కార్యదర్శి ఒకరు తీస్తే 83వ పుల్ల పడింది, అధమాధమమైన ఫలం. కొన్ని వారాల్లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి వచ్చింది. హాంకాంగ్‌లో 1,755 మందికి సోకి 299 మంది పోయారు. తర్వాతి ఏళ్లలో ఆ పని గ్రామీణ సంఘం పెద్దలకు అప్పగించారు. ఆ పద్యంలో వైరస్ మాట లేదు, ఆసుపత్రి మాట లేదు. కీడు జరిగాక చీటీ గుర్తొచ్చింది, అంతే. మంచి పుల్ల పడ్డ ఏడాది ఎవరికి జబ్బు చేసిందో ఎవరూ లెక్కపెట్టరు.

మనమూ అడగవచ్చా అంటే, అడగవచ్చు. ఏ మతం, ఏ దేశం అని ఎవరూ ఆరా తీయరు, చీటీలు ఇంగ్లీషులో కూడా దొరుకుతాయి. డాక్టరు మీ ఇష్టానికి వదిలేసిన విషయమైతే హాయిగా అడగండి. రొమ్ములో గడ్డ తగిలినా, మలంలో రక్తం కనిపించినా గొట్టం ముట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. చీటీలో ఉపవాసం అని కనిపించిందని షుగరు మాత్ర మానేయకండి, ముందు నా లాంటివాళ్లను ఒక మాట అడగండి. చైనా పంచాంగంలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ, అంటే దాదాపు మన అమావాస్య, పౌర్ణమి, విపరీతమైన జనం ఉంటారు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే మోకాళ్ల మీద కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.