మళ్ళీ వెనక్కొచ్చింది

ఇంకో కథ తిరిగొచ్చింది. "పరిశీలించాం, ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం" అని అందరికీ పంపే అదే మెయిల్, పైన పేరొక్కటే మార్చారు. వీటికి ఇప్పుడు పెద్దగా బాధ లేదు గానీ ఎడిటరెవరైనా పనిగట్టుకుని రెండు లైన్లు రాసి "బావుంది, కానీ ముగింపు తేలిపోయింది" అంటే మాత్రం రోజంతా అదే బుర్రలో తిరుగుతుంది, చిత్రమేంటంటే మళ్ళీ రాయబుద్ధయ్యేది కూడా దానివల్లే.

అమెరికన్ హారర్ రచయిత స్టీఫెన్ కింగ్‌కి 14 ఏళ్ళొచ్చేసరికే, గోడ మేకుకి గుచ్చిపెట్టుకున్న రిజెక్షన్ స్లిప్పుల బరువుకి ఆ మేకు ఆగలేక ఇంకా పెద్దది కొట్టుకున్నాడు కదా, ఓదార్చేవాళ్ళంతా ఇదే చెప్తారు. అక్కడితో ఆగిపోయినోళ్ళ గురించి ఎవరూ చెప్పరు (ఎలా చెప్తారులే, పేర్లే తెలీవాయె).

నాకైతే కాస్త పనికొచ్చింది ఒక్కటే, కథ పంపేశాక జవాబు కోసం ఇన్‌బాక్స్ చూస్తూ కూర్చోకుండా వెంటనే ఇంకోటి మొదలెట్టేయడం, అప్పుడు "నో" వచ్చేటప్పటికి మనసు కొత్త పాత్రల దగ్గరుంటుంది. వెనక్కొచ్చినదాన్ని మాత్రం కొన్నాళ్ళు తెరవను, ఆ ఉక్రోషంలో దిద్దితే ముందు పోయేవి బావున్న వాక్యాలే. ఇదీ అలాగే పక్కన పడేశా, ఈలోపు ఆ రెండో కథలో ముసలాయన ఇల్లొదిలి ఎందుకెళ్ళాడో తేల్చాలి, నాకే ఇంకా తెలీట్లా.