లోపల ఖాళీ, బయటంతా డబ్బాలు

ఇంట్లో అందరూ పడుకున్నారు. నేను మాత్రం మా బిల్లులూ రిపోర్టులూ పీడీఎఫ్‌గా తయారుచేసే ప్రోగ్రాంలోని ఒక ఖాళీ ఎక్సెప్ట్ బ్లాకు (తేడా వస్తే ఏం చేయాలో రాసే చోటు) మీద కోపంతో ఇలా టైపు చేస్తూ కూర్చున్నాను.

ఫాంటు ఫైలు తెరిచేటప్పుడు తేడా వస్తే పట్టుకోవడం వరకు బాగానే ఉంది. పట్టుకుని చేసేది మాత్రం ఒక్కటే: పాస్, అంటే ఏమీ చేయకుండా ముందుకు పోవడం. ఫైలు దొరక్కపోయినా, చదివే అనుమతి లేకపోయినా, ఫైలే పాడైపోయినా అన్నిటికీ అదే మందు. లాగ్‌లో, అంటే ప్రోగ్రాం ఏం జరిగిందో రాసుకునే చిట్టాలో, ఒక్క ముక్క ఉండదు. ఆ పైన ప్రోగ్రాం దర్జాగా హెల్వెటికా అనే ఇంగ్లీషు ఫాంటుతో పీడీఎఫ్ చేసి పంపేస్తుంది. హెల్వెటికాకి తెలుగు ఎక్కడిది? పేరు ఉండాల్సిన చోట వరసగా డబ్బాలు. స్టేటస్ చూస్తే సక్సెస్! పక్కన కామెంటు కూడా ఉంది, 'ఇది ఎప్పుడూ జరగదు' అని. ఎవరు రాశారో చూడలేదు. చూస్తే ఈ పూట నిద్ర పట్టదు.

తెలుగు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే ప్రమాణంలో) 1991 నాటి మొదటి వెర్షన్‌లోనే ఉంది. అయినా ఆ తర్వాత చాలాకాలం వెబ్‌లో ఒక్కో సైటుది ఒక్కో సొంత ఫాంటు. ఆ రోజుల్లో అక్క ఒకసారి అలాంటి ఫాంటులోనే పెద్ద ఉత్తరం టైపు చేసి మెయిల్ చేసింది. నా దగ్గర ఆ ఫాంటు లేదు. తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగం. ఏ గుర్తు ఏ అక్షరమో ఊహిస్తూ, మాటిమాటికీ వచ్చేది 'నువ్వు' అయ్యుంటుందని లెక్కలు వేస్తూ చాలాసేపు కుస్తీ పట్టాను. చివరికి ఫోన్ చేస్తే మొత్తం చదివి వినిపించింది, మధ్యలో తిట్లతో సహా. చెత్తయినా కళ్ళెదుట కనబడింది కాబట్టే ఫోన్ చేశాను. మన ప్రోగ్రాం ఆపాటి కూడా చెప్పదు.

అందుకే పొద్దున మీటింగులో గట్టిగానే అన్నాను, ఫాంటు లేకపోతే అక్కడే ఆగిపోవాలని. 'పెద్ద రిపోర్టులో ఎక్కడో ఒక్క అక్షరం లేదని మొత్తం ఆపేస్తామా?' అన్నాడు టీమ్‌లో కుర్రాడు. ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే వాడన్నదాంట్లోనూ న్యాయం ఉంది.

అసలు, ఫాంటు చక్కగా తెరుచుకుని, అందులో ఆ అక్షరం లేకపోతే ఆ బ్లాకు పట్టుకునే తేడా, అంటే ఎక్సెప్షన్, ఏదీ రాదు. గ్లిఫ్ (ఫాంటులోని అక్షరం బొమ్మ) నంబరు 0 వస్తుంది, డబ్బా పడుతుంది, అంతే. ఎక్సెప్ట్ బ్లాకుని ఎంత కడిగినా ఇది దొరకదు. షేపింగ్ (అక్షరాలకి తగ్గ గ్లిఫ్‌లు ఎంచి వత్తులూ గుణింతాలూ కూర్చడం) అయ్యాక గ్లిఫ్‌ల వరసలో సున్నాలున్నాయేమో మనమే వెతుక్కోవాలి.

దానికీ దొరకనిది ఇంకోటుంది. 'లక్ష్మి' అంటే లోపల ఏడు కోడ్‌పాయింట్లు, అంటే ఏడు యూనికోడ్ నంబర్లు. షేపింగ్ లేకుండా ఒక్కోటీ పేర్చుకుంటూ పోతే 'లక్‌ష్‌మి' అని పడుతుంది. ఒక్క సున్నా ఉండదు, అన్ని గ్లిఫ్‌లూ ఉన్నట్టే. సాయంత్రం షేపింగ్ చేసిపెట్టే హార్ఫ్‌బజ్ లైబ్రరీ తగిలించాక వత్తులు సరిగ్గా కూర్చున్నాయి. సంతోషమే.

డ్రాఫ్టు రిపోర్టులకి వేరే ఫాంటు వాడుకోనిద్దాం. లేని అక్షరాల్ని మాత్రం ఒక్కో అక్షరాన్నీ ఒక్కసారే లాగ్‌లో రాయాలి, డబ్బా డబ్బాకీ ఒక లైనైతే ఎవరూ చదవరు. బిల్లు మీద మనిషి పేరు డబ్బాలైతే మాత్రం ఆపాల్సిందే. ఆ కుర్రాడు రేపు ఎంత వాదించినా ఇందులో తగ్గను.