నల్గొండ పళ్లేసుకుని వైరావ్ బార్ దాకా

నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆ మధ్య న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో జ్ఞానదంతం పీకించుకోవడానికి వెళ్తే, డాక్టరమ్మ నోట్లోకి టార్చి వేసి చూసి "చిన్నప్పుడు ఎక్కడ పెరిగారు?" అని అడిగింది. పల్లెటూళ్లో అన్నాను. అది కాదు, ఆ నీళ్లెక్కడివి అంది.

వైరావ్ బార్ వెళ్లాలన్న బుద్ధి పుట్టింది ఆ ప్రశ్నతోనే. బార్ అంటే మందు బార్ కాదు, న్యూజిలాండ్ దక్షిణ దీవిలో పాత సమాధులు బయటపడ్డ చోటు. అక్కడి పళ్లని కూడా ఎక్కడ పెరిగారనే అడిగారు.

పొద్దున్నే వెల్లింగ్టన్‌లో ఫెర్రీ ఎక్కాం, నేనూ మా బాబాయి కొడుకూ. పిక్టన్‌కి మూడున్నర గంటలు. కుక్ జలసంధి ఆ రోజు మంచి మూడ్‌లో లేదు, మావాడు మొదటి గంటలోనే కవరు పట్టుకుని కూర్చున్నాడు, నేను మాత్రం డెక్ మీద చలికి వణుకుతూ, ఇదే నీళ్ల మీద ఏడొందల ఏళ్ల కింద పడవల్లో వచ్చినవాళ్ల సంగతి ఆలోచిస్తున్నానని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి టీ ఎక్కడ దొరుకుతుందా అనే ఆలోచిస్తున్నాను. పిక్టన్ నుంచి బ్లెనిమ్ కారులో అరగంట. దారంతా ద్రాక్షతోటలే.

వైరావ్ నది సముద్రంలో కలిసేచోట గులకరాళ్లతో ఏర్పడిన పొడవాటి కట్ట ఉంది. న్యూజిలాండ్‌కి మొట్టమొదట వచ్చి స్థిరపడిన పోలినేషియన్ల (పసిఫిక్ దీవులవాళ్ల) ఊళ్లలో ఒకటి దాని మీదే ఉండేది, క్రీ.శ. 1300 ప్రాంతంలో. 1939లో జిమ్ ఐల్స్ అనే 13 ఏళ్ల కుర్రాడు అక్కడ తవ్వుతుంటే సొరబుర్ర లాంటిదేదో తగిలింది. తీరా చూస్తే అది మోవా గుడ్డు. మోవా అంటే ఎప్పుడో అంతరించిపోయిన, మనిషి కంటే ఎత్తుండే రెక్కల్లేని పక్షి. గుడ్డు పక్కనే ఒక మనిషి అస్థిపంజరం, తిమింగలం పంటితో చేసిన పూసలు. తర్వాతి ఏళ్లలో 40కి పైగా సమాధులు బయటపడ్డాయి. ఆ ఎముకలన్నీ దశాబ్దాల పాటు క్రైస్ట్‌చర్చ్‌లోని మ్యూజియంలో ఉండిపోయాయి. అక్కడి రంగితానె తెగవాళ్లు మా పెద్దల్ని మాకిచ్చెయ్యండని ఎంతోకాలం పోరాడి, 2009లో తెచ్చుకుని మళ్లీ అదే నేలలో పూడ్చిపెట్టారు. అలా పూడ్చేముందు వాళ్ల ఒప్పుదలతోనే ఒటాగో యూనివర్సిటీ వాళ్లు ఎముకల నుంచి, పళ్ల నుంచి చిన్న చిన్న ముక్కలు తీసుకున్నారు.

ఆ ముక్కల్లో ఏం చూస్తారంటే, స్ట్రాన్షియం. రాళ్లలోంచి మట్టిలోకి, నీళ్లలోకి, తిండిలోకి వచ్చి, కాల్షియం వెనకాలే మన పళ్లలోకి దూరే లోహం. ఇందులో కొన్ని రకాలున్నాయి, వాటిలో 87కీ 86కీ ఉన్న నిష్పత్తి చూస్తారు. రాయి ఎంత పాతదైతే 87 అంత ఎక్కువ ఉండే అవకాశం. మా నల్గొండ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్లది, కాబట్టి అక్కడి నీళ్లలో ఈ నిష్పత్తి బాగా ఎక్కువే ఉండాలి. మొన్నమొన్న పుట్టిన అగ్నిపర్వత దీవుల్లో 0.704 దరిదాపుల్లో ఉంటుంది, సముద్రపు నీళ్లలో 0.7092. పంటి ఎనామిల్ చిన్నప్పుడు ఒక్కసారే తయారై, ఇక మారదు. ఎముక అలా కాదు, అరిగి పెరిగి మారుతూనే ఉంటుంది, అందుకని అందులోని కార్బన్, నైట్రోజన్ చూస్తే చివరి పది ఇరవై ఏళ్లలో ఏం తిన్నారో తెలుస్తుంది. చేపలు, సీల్స్ ఎక్కువ తిన్నవాళ్లలో నైట్రోజన్-15 అనే రకం పెరుగుతుంది. ఆ మాటకొస్తే జొన్నరొట్టె తిన్న ఎముకకీ వరన్నం తిన్న ఎముకకీ కార్బన్‌లో తేడా ఉంటుంది. మా నాయనమ్మ ఎముకకీ నా ఎముకకీ తేడా ఖాయం.

వైరావ్ బార్ సమాధులు మూడు గుంపులు. మొదటి గుంపుకి మోవా గుడ్లు, మంచి రాతి బాడిసెలు, నగలు ఎక్కువ. ఆ గుంపులోవాళ్ల తిండీ, పళ్లలో స్ట్రాన్షియమూ దాదాపు ఒకేలా ఉన్నాయి, అంటే ఒకేచోట పెరిగారన్నమాట. బహుశా ఉష్ణమండలపు దీవుల నుంచి వచ్చిన మొదటి తరమే అయ్యుండొచ్చని 2013లో ఆ పరిశోధకులు రాశారు. మిగతా రెండు గుంపుల్లోవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా ఉన్నారు, ఒక్కోచోట పెరిగి, ఒక్కో తిండి తిని, చివరికి ఇక్కడికి చేరారు. నాకు ఎక్కువ నచ్చింది ఈ రెండో సంగతే. ఫలానా దీవి నుంచి వచ్చారని మాత్రం పన్ను చెప్పదు. సముద్రపు తుంపర, సముద్రపు తిండి కలిసి తీరంలో ఉన్నవాళ్లందరి లెక్కనీ 0.7092 వైపు లాగేస్తాయి.

సమాధులున్న చోటు పవిత్రం, అక్కడికి వెళ్లాలని మేమూ అనుకోలేదు. పక్కనున్న ఉప్పుమడుగుల చుట్టూ మూడు గంటల నడకదారి ఉంది. ముందురోజు వాన పడిందని తెలిసీ కొత్త బూట్లేసుకెళ్లడం నా తెలివి. నేలంతా ఎర్రటి ఉప్పుమొక్కలు, చెట్టన్నది లేదు, గాలి చెంప మీద కొట్టినట్టు. సగం దారిలో వేవర్లీ అనే పాత ఓడ తుప్పుపట్టి బురదలో కూరుకుపోయి ఉంది. దాని పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. దూరంగా గులకరాళ్ల కట్ట బూడిదరంగు గీతలా కనిపించింది.

"ఏముందే అన్నా ఈడ? నీళ్లు, గడ్డి" అన్నాడు మావాడు.

కట్ట వైపు చూపించి కథంతా చెప్పాను. పులిహోర నములుతూ విని, ఫోన్ తీసి ఇద్దరికీ సెల్ఫీ కొట్టాడు. వాడు పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులో, పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. పక్కన నావి. ఒకే నాయనమ్మ మనవళ్లం.

"ఆ పీకించుకున్న పన్ను ఏం జేసినవే?" అన్నాడు.

"ఇంట్లో ఉంది, డబ్బీలో."

"దాచిపెట్టుకున్నవా? ఛీ!"